సానియా తర్వాత ఇంకెవరు? కోర్టులున్నాయ్.. కోచ్‌లున్నారు.. మరి పిల్లలకు మ్యాచ్‌లేవీ? తెలుగు రాష్ట్రాల టెన్నిస్‌లో అసలు లోటు ఇదే!

2025 ఏప్రిల్.. పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్ ఆసియా-ఓషియానియా గ్రూప్-1 పోటీలు. భారత జట్టు తరఫున బరిలోకి దిగిన హైదరాబాద్ అమ్మాయి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది. ఆ ఊపులోనే ఇండియా ప్లేఆఫ్స్‌కు చేరింది. అదే జట్టులో మరో తెలుగమ్మాయి సహజ యమలపల్లి కూడా ఉంది. మహిళల జాతీయ జట్టులో ఒకేసారి ఇద్దరు మనవాళ్లు ఉండటం చిన్న విషయం కాదు.

అయితే ఈ సంతోషం పక్కనే ఓ ప్రశ్న కూడా ఉంది. సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకుకు వెళ్లింది. ఆమె తర్వాత తెలుగు రాష్ట్రాల నుంచి సింగిల్స్‌లో టాప్-100 గీత దాటిన వాళ్లు ఇంకొకరు లేరు. మగవాళ్లలో దగ్గరగా వచ్చింది కృష్ణా జిల్లా ఉయ్యూరుకు చెందిన సాకేత్ మైనేని. అతని బెస్ట్ ర్యాంకు 137. 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటుకుని మెయిన్ డ్రాలోకి వెళ్లాడు. తొలి రౌండ్‌లో చెక్ ఆటగాడు జిరి వెసెలీతో ఐదు సెట్లు పోరాడి, కండరాలు పట్టేసినా నిలబడి, చివరికి ఓడిపోయాడు.

ఎందుకిలా? ఎవరినడిగినా మూడు జవాబులు వస్తాయి. డబ్బు లేదు, కోర్టులు లేవు, ప్రభుత్వం పట్టించుకోదు. మూడింటిలోనూ నిజముంది. కానీ కోర్టు ఉన్నచోట, కోచ్ ఉన్నచోట, అప్పోసొప్పో చేసి ఫీజు కట్టే తండ్రి ఉన్నచోట కూడా పిల్లలు పద్నాలుగు, పదిహేనేళ్లకే ఎందుకు ఆగిపోతున్నారో ఈ జవాబులు చెప్పవు. అక్కడ లేనిది మ్యాచ్. ఇంటికి దగ్గర్లో, తన స్థాయి ప్లేయర్‌తో, స్కోరు రాసి మరీ ఆడే మ్యాచ్.

సానియా కథలో మనం మరిచిపోయిన పేజీ

సానియా గురించి మాట్లాడితే అందరూ తండ్రి ఇమ్రాన్ మీర్జా పట్టుదల గురించి చెబుతారు. ఆరేళ్ల వయసులో నిజాం క్లబ్‌లో రాకెట్ పట్టిన సంగతి చెబుతారు. ఫోర్‌హ్యాండ్ గురించైతే చెప్పక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం పెద్దగా ఎవరూ గుర్తు చేయరు. ఆమెకు సొంతూళ్లోనే డబ్ల్యూటీఏ టోర్నీ ఉండేది!

2003 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ జరిగినప్పుడు సానియాకు 16 ఏళ్లు. వైల్డ్‌కార్డుతో మెయిన్ డ్రాలోకి వచ్చింది, తొలి రౌండ్‌లోనే ఓడింది. కానీ టూర్ స్థాయి ప్లేయర్ బంతి ఎంత వేగంగా వస్తుందో ఇంటి దగ్గరే చూసింది. అదే ఏడాది అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. 2004లో అదే హైదరాబాద్ ఓపెన్‌లో లీజెల్ హ్యూబర్‌తో జతకట్టి డబుల్స్ టైటిల్ కొట్టింది. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు వైల్డ్‌కార్డు దొరికితే మూడో రౌండ్ దాకా వెళ్లి సెరెనా చేతిలో ఓడింది. ఆ మరుసటి నెలే హైదరాబాద్‌లో ఉక్రెయిన్ ప్లేయర్ అల్యోనా బొండరెంకోను ఫైనల్లో ఓడించి సింగిల్స్ టైటిల్ ఎత్తింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమే.

వరసగా మూడేళ్లు.. మూడు మెట్లు.. మూడూ హైదరాబాద్‌లోనే. ప్రతిభ లేకపోతే ఆ మెట్లు ఎక్కలేరు, అందులో సందేహం లేదు. కానీ మెట్లంటూ ఉండాలి కదా!

2006లో ఆ టోర్నీ బెంగళూరుకు వెళ్లిపోయింది. ఆ స్థాయి టోర్నీ మళ్లీ హైదరాబాద్ ముఖం చూడలేదు. పక్క రాష్ట్రాలు మాత్రం ఊరుకోలేదు. చెన్నై 2017 దాకా రెండు దశాబ్దాల పాటు మగవాళ్ల ఏటీపీ టోర్నీ నడిపింది. 2022లోనూ, 2025లోనూ మహిళల డబ్ల్యూటీఏ టోర్నీ పెట్టింది. చెన్నై వదులుకున్న ఏటీపీ టోర్నీని పుణె అందుకుని 2018 నుంచి 2023 వరకు నడిపింది. బెంగళూరులో ఛాలెంజర్ టోర్నీ ఉంది. శ్రీవల్లి ఐదు మ్యాచ్‌లు గెలిచిన పుణెలోని బాలేవాడి కాంప్లెక్స్ కూడా అలాంటి టోర్నీల కోసం ఏళ్ల తరబడి వాడుతున్నదే.

టోర్నీ జరిగే ఊరికి లాభమేంటంటే.. వైల్డ్‌కార్డులు. స్థానిక నిర్వాహకుల చేతిలో కొన్ని ఉంటాయి కాబట్టి ర్యాంకు చాలని లోకల్ పిల్లలకు అవకాశం దొరుకుతుంది. అది రాకపోయినా క్వాలిఫయింగ్ ఆడొచ్చు. అదీ కాకపోతే విదేశీ ప్లేయర్లకు ప్రాక్టీస్‌లో బంతులు కొట్టి పెట్టొచ్చు. విమానం టికెట్ లేదు, హోటల్ ఖర్చు లేదు.

క్లబ్బులు ఎవరి కోసం?

తెలుగు నేల మీద టెన్నిస్ క్లబ్బుల్లోనే పుట్టింది. హైదరాబాద్‌లో నిజాం క్లబ్, సికింద్రాబాద్ క్లబ్, ఫతే మైదాన్ క్లబ్, విశాఖలో వాల్తేర్ క్లబ్.. ఇలా పెద్ద ఊళ్లలో పాత క్లబ్బులున్నాయి. జిల్లా కేంద్రాల్లో ఆఫీసర్స్ క్లబ్బులు, టౌన్ హాళ్లు, కాస్మోపాలిటన్ క్లబ్బులు ఉన్నాయి. చాలాచోట్ల రెండో మూడో కోర్టులుంటాయి. ఒకప్పుడు మట్టి కోర్టులు, తర్వాత సిమెంటు, ఇప్పుడు సింథటిక్.

సాయంత్రం ఐదు దాటాక అక్కడికి వెళ్తే కనిపించే దృశ్యం దాదాపు అన్నిచోట్లా ఒకటే. డాక్టర్లు, లాయర్లు, అధికారులు, వ్యాపారులు డబుల్స్ ఆడుతుంటారు. బంతులు అందించే కుర్రాడు ఒకడుంటాడు. పెద్దాయన ఒకరు మార్కర్‌గా ఉంటారు. మెంబర్లకు బంతులు కొట్టి పెట్టడం ఆయన పని. నిజం చెప్పాలంటే మన దేశంలో ఎంతోమంది కోచ్‌లు ఈ మార్కర్ల నుంచే వచ్చారు. కోర్టు పక్కనే పెరిగి, మెంబర్లకు ఆడించి ఆట నేర్చుకున్నవాళ్లు వీళ్లు. చేతిలో ఆట ఉంటుంది, పేరు ముందు మాత్రం హోదా ఉండదు.

ఈ క్లబ్బులను తప్పుపట్టి లాభం లేదు. అవి మెంబర్ల చందాతో నడిచేవి, మెంబర్ల కోసం నడిచేవి. కానీ జిల్లాల్లో ఉన్న కోర్టుల్లో ఎక్కువ భాగం ఈ గేట్ల లోపలే ఉన్నాయనేది వాస్తవం. గేటు బయట ఉన్నవి తక్కువ. హైదరాబాద్‌లో ఎల్బీ స్టేడియం కోర్టులు, విజయవాడలో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం కోర్టులు లాంటివి కొన్ని.

ఇక హైదరాబాద్ శివార్లలో ప్రైవేట్ అకాడమీలు వచ్చాయి. సానియా 2013లో మొయినాబాద్ వైపు ముర్తుజాగూడలో అకాడమీ పెట్టింది. ఆ తర్వాత కొంపల్లి నుంచి గచ్చిబౌలి అవతలి దాకా లీజు స్థలాల్లో చాలా అకాడమీలు మొదలయ్యాయి. లీజు అయిపోతే, స్థలం ధర పెరిగితే, అపార్ట్‌మెంట్ లేస్తుంది.. అకాడమీ ఇంకో పది కిలోమీటర్లు బయటకు జరుగుతుంది. ఆ అపార్ట్‌మెంట్ లోపల మళ్లీ ఓ టెన్నిస్ కోర్టు ఉంటుంది! బ్రోచర్‌లో ఫోటో కోసం కట్టినది. సాయంత్రం పిల్లలు అందులో సైకిళ్లు తొక్కుతుంటారు.

ఈ మొత్తంలో అనంతపురం కథ వేరు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుతో కలిసి రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో అక్కడ టెన్నిస్ స్కూల్ తెరిచింది. ప్రారంభానికి నాదల్ స్వయంగా వచ్చాడు. పేద కుటుంబాల పిల్లలకు ఆటతో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్ పాఠాలు కూడా చెప్పేలా దాన్ని రూపొందించారు. ఛాంపియన్లను తయారు చేయడం దాని లక్ష్యం కాదు, వాళ్లు ఆ మాట అననూ లేదు. కానీ కరవు జిల్లాలో, క్లబ్ మెంబర్‌షిప్ మాటే తెలియని ఇళ్ల పిల్లల చేతికి రాకెట్ ఇవ్వొచ్చని చూపించింది.

రాత్రంతా రైలు.. కోర్టులో గంట

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. అఖిల భారత టెన్నిస్ సంఘం.. అదే ఐటా.. అండర్-12, 14, 16, 18 విభాగాల్లో జూనియర్ టోర్నీలు నడుపుతుంది. టాలెంట్ సిరీస్‌తో మొదలై ఛాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్, నేషనల్ సిరీస్, చివర్లో నేషనల్స్. పై మెట్టుకు వెళ్లేకొద్దీ పాయింట్లు ఎక్కువ. పాయింట్లుంటే ర్యాంకు, ర్యాంకుంటే పెద్ద టోర్నీలో నేరుగా ఎంట్రీ.

శ్రీకాకుళంలో పదమూడేళ్ల అమ్మాయి ఉందనుకుందాం. పాయింట్లు కావాలంటే విజయవాడో, హైదరాబాదో, చెన్నైయో వెళ్లాలి. పాప ఒక్కతే వెళ్లదు, అమ్మో నాన్నో తోడు ఉండాలి. శుక్రవారం రాత్రి రైలు. ర్యాంకు లేకపోతే శని, ఆదివారాలు క్వాలిఫయింగ్. గెలిస్తే సోమవారం నుంచి మెయిన్ డ్రా. అంటే స్కూలు పోయినట్టే, తోడొచ్చిన వాళ్లకు ఉద్యోగానికి సెలవే. లాడ్జి, భోజనం, ఆటో, ఎంట్రీ ఫీజు అన్నీ కలిపి లెక్క చూసుకుంటే మధ్యతరగతి ఇంటికి ఆ నెల బడ్జెట్ తారుమారవుతుంది.

ఇంత చేసి వెళ్తే ఎన్ని మ్యాచ్‌లు దొరుకుతాయి?

32 మంది ఉండే నాకౌట్ డ్రాలో మొత్తం మ్యాచ్‌లు 31. పదహారు మంది.. సరిగ్గా సగం మంది.. ఒక్క మ్యాచ్ ఆడి బ్యాగు సర్దుకుంటారు. మరో ఎనిమిది మందికి రెండు. సగటు తీస్తే ఒక్కొక్కరికి రెండు మ్యాచ్‌లు కూడా రావు. పైగా కొత్తగా వచ్చిన పాపకు తొలి రౌండ్‌లో సీడెడ్ ప్లేయర్ తగిలితే 6-0, 6-0. ముప్పావు గంటలో అంతా అయిపోతుంది. మళ్లీ రైలు.

అదే ఎనిమిది మందిని ఒకచోట చేర్చి అందరితో అందరూ ఆడేలా రౌండ్ రాబిన్ పెడితే? ఒక్కొక్కరికి ఏడు మ్యాచ్‌లు. రెండు కోర్టులుంటే, చిన్న సెట్లు పెట్టుకుంటే శని, ఆదివారాల్లో ముగించేయొచ్చు. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఏదో ఒకటి నేర్చుకుని ఇంటికెళ్తారు. టెన్నిస్‌లో టై బ్రేకర్‌లో చెయ్యి వణకకుండా సర్వీస్ చేయడం కోచ్ నేర్పే విద్య కాదు. యాభై సార్లు ఆ పరిస్థితిలో నిలబడితే వచ్చేది. ఏడాదికి పదిహేను, ఇరవై మ్యాచ్‌లాడే పిల్లకు అది ఎప్పటికి వస్తుంది?

టోర్నీలు లేవా అంటే ఉన్నాయి. ఐటా క్యాలెండర్ చూస్తే వారం వారం ఎక్కడో ఓ చోట ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. తెలంగాణలోనూ, ఏపీలోనూ సంఘాలు పెడుతున్నాయి. కాకపోతే ఎక్కువగా పెద్ద నగరం చుట్టూనే, ఎక్కువగా అకాడమీల కోర్టుల్లోనే. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. కొందరికి టోర్నీ అంటే స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ కోసం వేసే ఓ అడుగు మాత్రమే. ఆ సర్టిఫికెట్ చేతికొస్తే రాకెట్ అటక మీదకు వెళ్లిపోతుంది. తల్లిదండ్రులను అనడానికేం లేదు, ఆటలో భవిష్యత్తు కనపడనప్పుడు సీటులోనే వెతుక్కుంటారు.

పదో తరగతి గండం

మన దగ్గర టెన్నిస్ పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది గాయాల వల్ల కాదు. పదో తరగతి వల్ల. తొమ్మిదిలో ఉండగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఇంటర్‌లో ఎంపీసీనా, బైపీసీనా? జేఈఈకి ఎక్కడ వేయాలి? కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేరిస్తే పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే. రోజుకు నాలుగు గంటలు కోర్టులో ఉండాల్సిన వయసు సరిగ్గా అదే.

బ్యాడ్మింటన్‌లోనూ ఇదే గండం ఉంది కదా, మరి హైదరాబాద్ నుంచి సైనా, సింధు, శ్రీకాంత్ ఎలా వచ్చారు? గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ 2008లో మొదలైంది. అక్కడ దేశంలోని మేటి ప్లేయర్లంతా ఒకే కప్పు కింద రోజూ ఒకరితో ఒకరు ఆడారు. రోజూ పోటీయే! జాతీయ శిబిరం అక్కడే కాబట్టి జూనియర్‌కు సీనియర్ ఎదురుగా దొరికేది. పైకి వెళ్లాక విదేశీ టోర్నీల ఖర్చులో ఫెడరేషన్ చెయ్యి ఉండేది. టెన్నిస్‌లో ఆ ఏర్పాటు లేదు. ఎవరి కోచ్ వాళ్లదే, ఎవరి ప్రయాణం వాళ్లదే, ఎవరి క్రెడిట్ కార్డు వాళ్లదే. ఈ అకాడమీలో ఆడే పిల్లాడు పక్క అకాడమీ పిల్లాడితో ప్రాక్టీస్ మ్యాచ్ ఆడటానికి కూడా కొందరు ఒప్పుకోరు. పిల్లాడు అటు జారిపోతాడని భయం.

టెక్సాస్‌లో ఏం చేస్తున్నారు?

సహజ యమలపల్లి కాలేజీ టెన్నిస్ ఆడింది అమెరికాలో. టెక్సాస్ రాష్ట్రం హంట్స్‌విల్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి. సాకేత్ మైనేని చదువు, ఆట కూడా అక్కడే, అలబామా యూనివర్సిటీలో. మన టెన్నిస్ మెట్లలో విరిగిపోయిన మెట్టును వీళ్లు అమెరికా కాలేజీల సాయంతో దాటారన్నమాట.

టెక్సాస్ గురించి కాస్త చెప్పుకోవాలి. ఎందుకంటే డాలస్, ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు మన తెలుగువాళ్లు లెక్కకు మించి ఉన్నారు. వాళ్ల పిల్లలు ఆ వ్యవస్థలోనే ఆడుతున్నారు. విస్తీర్ణంలో రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా టెక్సాస్‌లో సగానికి రావు. జనాభాలో మాత్రం మనమే ఎక్కువ. 2011 లెక్కల ప్రకారమే మనం 8.4 కోట్ల పైచిలుకు, టెక్సాస్‌లో ఉన్నది దాదాపు 3 కోట్లు.

అమెరికా టెన్నిస్ సంఘం దేశాన్ని 17 సెక్షన్లుగా విడగొట్టింది. చాలా సెక్షన్లలో రెండు మూడు రాష్ట్రాలు కలిసి ఉంటే, టెక్సాస్ ఒక్కటే ఓ సెక్షన్. జూనియర్ టోర్నీలు లెవెల్-7 నుంచి లెవెల్-1 దాకా ఉంటాయి. కింది లెవెళ్లు లోకల్ పిల్లల కోసమే. ఓడినవాళ్లకు కన్సొలేషన్ మ్యాచ్‌లు పెట్టడం, రౌండ్ రాబిన్ నడపడం అక్కడ మామూలు. ఒక్క మ్యాచ్‌తో ఇంటికి పంపరు.

దాని మీద స్కూలు టెన్నిస్. ప్రభుత్వ హైస్కూళ్లకే వరసగా కోర్టులుంటాయి. ఆగస్టు నుంచి జట్టు పోటీలు, వసంతంలో వ్యక్తిగత పోటీలు.. జిల్లా, రీజియన్, రాష్ట్రం అంటూ పైకి వెళ్తాయి. డాలస్‌లో శామ్యూల్ గ్రాండ్, హ్యూస్టన్‌లో మెమోరియల్ పార్క్ లాంటి పబ్లిక్ టెన్నిస్ సెంటర్లున్నాయి. డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చు, మెంబర్‌షిప్ అక్కర్లేదు. పెద్దవాళ్లకు కూడా స్థాయిని బట్టి లీగులున్నాయి. నలభై దాటిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ కూడా ఓ జట్టులో చేరి వారం వారం మ్యాచ్ ఆడతాడు. 2025 నుంచి ఫ్రిస్కోలోనే డాలస్ ఓపెన్ ఏటీపీ-500 స్థాయిలో జరుగుతోంది. ఇక కాలేజీలంటారా.. 2024లో అమెరికా కాలేజీ జట్ల టైటిళ్లు రెండూ టెక్సాస్‌కే. మగవాళ్లలో టీసీయూ, ఆడవాళ్లలో టెక్సాస్ ఏ అండ్ ఎం.

అలాగని అది స్వర్గమేమీ కాదు. ప్రైవేట్ కోచింగ్ అక్కడా భారమే, గంటకు డాలర్లలో లెక్క. డబ్బున్న ఇంటి పిల్లలే అక్కడా ముందుంటారు. ఆ డబ్బు, ఆ కోర్టులు మనం రేపటికి రేపు తెచ్చుకోలేం కూడా. తెచ్చుకోగలిగింది మాత్రం ఒకటుంది. మ్యాచ్‌ను లెక్కగట్టే పద్ధతి.

ర్యాంకింగ్ వేరు.. రేటింగ్ వేరు

మన జూనియర్ టెన్నిస్ ర్యాంకింగ్ మీద నడుస్తుంది. ఏ టోర్నీలో ఏ రౌండ్ దాకా వెళ్లారన్నదే ముఖ్యం. ఎక్కువ టోర్నీలు తిరిగినవాళ్లకు ఎక్కువ అవకాశం. అంటే డబ్బున్నవాళ్లకు.

అమెరికా కాలేజీ కోచ్‌లు చూసేది రేటింగ్. యూటీఆర్ అని ఒకటుంది. 1 నుంచి 16.5 దాకా స్కేలు. గత ఏడాదిలో ఆడినవాటిలో తాజా 30 మ్యాచ్‌ల వరకు చూస్తుంది. ఎదుటి ప్లేయర్ స్థాయి ఎంత, వాళ్ల మీద ఎన్ని గేములు గెలిచారు అన్నదే లెక్క. తనకంటే చాలా బలమైన ప్లేయర్ మీద 4-6, 4-6తో ఓడినా రేటింగ్ పెరగొచ్చు. బలహీనుడి మీద చెమటోడ్చి గెలిస్తే తగ్గొచ్చు కూడా. వయసు, ఆడా మగా తేడా లేదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కూడా వరల్డ్ టెన్నిస్ నంబర్ పేరుతో ఇలాంటిదే తెచ్చింది. అందులో 40 దగ్గర మొదలై 1 వైపు వెళ్లాలి.

దీనివల్ల ఏం మారుతుంది? కర్నూలు ఆఫీసర్స్ క్లబ్‌లో పద్నాలుగేళ్ల పిల్లాడు పాతికేళ్ల యూనివర్సిటీ ప్లేయర్‌తో ఆడిన మ్యాచ్ కూడా నిర్వాహకులు నమోదు చేస్తే లెక్కలోకి వస్తుంది. పాయింట్ల కోసం చెన్నై రైలెక్కాల్సిన పని కొంతైనా తగ్గుతుంది.

కాలేజీ దారి గురించి ఆలోచించే తల్లిదండ్రులు ఇంకో సంగతి గమనించాలి. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ డివిజన్-1 అర్హతకు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా 16 కోర్ సబ్జెక్టులు చూస్తుంది. అంటే తొమ్మిదో తరగతి మార్కులు కూడా లెక్కే. ‘ఇంటర్ అయ్యాక చూద్దాంలే’ అనుకుంటే అప్పటికే లెక్కంతా అయిపోయి ఉంటుంది. ఆటగాడిగా ఎంత పేరున్నా మార్కుల జాబితా తేడా కొడితే అడ్మిషన్ దగ్గరే ఆగిపోతుంది.

ప్రొఫెషనల్ అయితే డబ్బొస్తుందా?

ఇక నేరుగా ప్రొఫెషనల్ అవుతానంటే.. అది మరీ కష్టమైన దారి. అట్టడుగున ఉండే 15 వేల డాలర్ల టోర్నీలో విజేతకు వచ్చేది సుమారు 2,160 డాలర్లు. తొలి రౌండ్‌లో ఓడితే 156. మన లెక్కలో పదమూడు వేల రూపాయల పైచిలుకు, అందులో మళ్లీ పన్ను. వారం హోటల్ బిల్లుకే చాలదు. ప్రొఫెషనల్ టెన్నిస్ మీద అంతర్జాతీయ సమాఖ్య చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే.. 2013లో దాదాపు 14 వేల మంది ఆడితే, కోచ్ ఖర్చు పక్కనపెట్టినా, ఖర్చులకు సరిపడా సంపాదించింది మగవాళ్లలో 336 మంది, ఆడవాళ్లలో 253 మంది.

2023లో సుమిత్ నాగల్ తన ఖాతాలో మిగిలింది 900 యూరోలేనని చెప్పినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. అప్పటికి అతను దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ప్లేయర్. మరుసటి ఏడాదే 68వ ర్యాంకుకు వెళ్లాడు. దేశంలో మొదటి స్థానంలో ఉన్న ప్లేయర్ పరిస్థితే అదైతే, ఐదొందల ర్యాంకు దగ్గర ఉన్న తెలుగు కుర్రాడి సంగతి వేరే చెప్పాలా?

మన ప్లేయర్లు డబుల్స్ వైపు మళ్లడానికి ఇదీ ఓ కారణం. సికింద్రాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పేస్‌తో జతకట్టాడు. సాకేత్ 2014 ఆసియా క్రీడల్లో సానియాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, హాంగ్‌ఝౌలో రామ్‌కుమార్‌తో పురుషుల డబుల్స్ రజతం తెచ్చాడు. డబుల్స్‌లో కెరీర్ ఎక్కువ కాలం సాగుతుంది, శరీరం మీద భారం తక్కువ, పతకం వస్తే ప్రభుత్వ ప్రోత్సాహం కూడా ఉంటుంది. తెలివైన నిర్ణయమే. కాకపోతే చిన్నపిల్లలు టీవీలో చూసి రాకెట్ పట్టేది సింగిల్స్ చూసి.

కొత్త స్టేడియం అక్కర్లేదు

ఇక్కడ ప్రభుత్వాలు సాధారణంగా ప్రకటించేది కొత్త కాంప్లెక్స్. శంకుస్థాపన ఫోటో బాగుంటుంది. కానీ ఇప్పుడున్న కోర్టులతోనే చేయగలిగేది చాలా ఉంది. ఉమ్మడి జిల్లాకు ఒకటి చొప్పున నెలకోసారి వీకెండ్ రౌండ్ రాబిన్. స్థాయిని బట్టి ఎనిమిది మంది ఉండే గ్రూపులు, ప్రతి స్కోరూ రేటింగ్‌లో నమోదు. దీనికి ఇద్దరు మనుషులు, ఒక ఫోను, కొన్ని డబ్బాల బంతులు చాలు.

రెండోది క్లబ్ లీగ్. వరంగల్ క్లబ్ జట్టు ఖమ్మం వస్తుంది, ఖమ్మం జట్టు నల్గొండ వెళ్తుంది. ఏపీలో ఏలూరు, రాజమండ్రి, కాకినాడ ఒకదానికొకటి గంటన్నర, రెండు గంటల దూరం. పెద్దవాళ్ల మధ్య ఇలాంటి స్నేహపూర్వక మ్యాచ్‌లు ఎప్పటి నుంచో ఉన్నాయి, మధ్యాహ్నం బిర్యానీతో సహా. అందులో చేర్చాల్సింది ఒక్క నిబంధన. ప్రతి జట్టులో పద్దెనిమిదేళ్ల లోపు ఇద్దరు ఉండాలి, వాళ్లు క్లబ్ మెంబర్ల పిల్లలే కానక్కర్లేదు.

మూడోది హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, విజయవాడలోనో ఏటా ఒకే నెలలో, తప్పకుండా జరిగే చిన్న ప్రొఫెషనల్ టోర్నీలు. డబ్ల్యూటీఏ అక్కర్లేదు, 15 వేల డాలర్లవి రెండు వరసగా పెట్టినా చాలు. ఒకసారి పెట్టి మూడేళ్లు మరిచిపోతే మాత్రం ప్రయోజనం లేదు. ప్లేయర్లు క్యాలెండర్ చూసుకుని ఏడాది ప్లాన్ చేసుకుంటారు.

ఈ మూడింటిలో ఖర్చుతో కూడింది చివరిది. కష్టమైనది మాత్రం రెండోది. ఎందుకంటే జిల్లా క్లబ్బుల్లో పొద్దున ఎనిమిది దాటితే ఎండ, మధ్యాహ్నమంతా కోర్టులు ఖాళీ. పిల్లలు స్కూలు నుంచి వచ్చేదీ, మెంబర్లు ఆఫీసుల నుంచి వచ్చేదీ ఒకే టైమ్‌కి. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా, వారానికి రెండు రోజులు, ఒకే ఒక్క కోర్టును జూనియర్లకు వదలాలి. ఏ క్లబ్ జనరల్ బాడీ మీటింగ్‌లోనైనా ఈ మాట ఎత్తితే చాలు.. గొడవ అక్కడే మొదలవుతుంది.